రేకి చికిత్సలోకి స్ఫటికాలు ఎలా వచ్చాయి? స్వస్థత పరిచర్య దృష్టితో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

రేకి అనేది జపాన్‌లో పుట్టిన చేతిస్పర్శ చికిత్స. స్ఫటికాలతో చేసే చికిత్స ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో అమెరికాలో న్యూ ఏజ్ ఉద్యమంతో పాటు ప్రచారంలోకి వచ్చిన వేరొక పద్ధతి. ఈ రెండింటినీ కలిపి 'క్రిస్టల్ రేకి' అనే పేరుతో నేడు అనేక దేశాలలో నేర్పుతున్నారు. రోగిని పడుకోబెట్టి, ఏడు చక్రాలుగా చెప్పే స్థానాలలో ఏడు రంగుల రాళ్లను ఉంచి, వాటి మీదుగా చేతులు చాపి శక్తిని ప్రసరింపజేస్తున్నామని చెప్పడం ఇందులో ఒక విధానం. రాళ్లను ఒక క్రమంలో పేర్చి, వాటిని రేకితో నింపి, చికిత్సకుడు దగ్గర లేకపోయినా అవి శక్తిని పంపుతూ ఉంటాయని చెప్పడం మరొక విధానం.

భారతదేశపు నగరాలలో రేకి తరగతులు 1990లలో విస్తరించాయి. అప్పటి నుండి దీని విషయమై సంఘాలలో రెండు రకాల మాటలు వినబడుతున్నాయి. మొదటిది: రేకిని కనుగొన్నవాడు ఒక క్రైస్తవ బోధకుడే, యేసు ప్రభువు చేతులుంచి స్వస్థపరచిన రహస్యాన్ని వెదకుతూ దానిని కనుగొన్నాడు, కనుక ఇందులో అభ్యంతరం లేదు. రెండవది: రాళ్లు, చక్రాలు, శక్తి అన్నీ పురాతన హైందవ ఆచారాలే, కనుక వేరే విచారణ అవసరం లేదు. ఒక మాట రేకిని అంగీకరిస్తుంది, రెండవది తిరస్కరిస్తుంది. అయితే రెండూ చరిత్ర విషయంలో తప్పే. రేకికి క్రైస్తవ మూలం లేదు. క్రిస్టల్ రేకికి ప్రాచీన మూలం లేదు. దాని వయస్సు అర్ధ శతాబ్దం కూడా కాదు. ఈ రెండు విషయాలను ఆధారాలతో చూపి, సంఘ కాపరికి అవి ఎందుకు అవసరమో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

టోక్యోలో ఆరంభం

రేకి స్థాపకుడు మికావో ఉసుయి 1865లో జపాన్‌లోని గిఫు ప్రాంతంలో ఒక గ్రామంలో జన్మించాడు. 1922లో క్యోటో సమీపాన ఉన్న కురామా కొండ మీద ఉపవాస ధ్యానాలు చేసిన తరువాత తనకు స్వస్థపరచే శక్తి లభించిందని ప్రకటించి, అదే సంవత్సరం టోక్యోలో ఒక చికిత్సా సంఘాన్ని స్థాపించాడు. 1923 సెప్టెంబరు 1న కాంతో భూకంపం టోక్యోను నేలమట్టం చేసినప్పుడు గాయపడినవారికి సేవ చేశాడు. 1926 మార్చిలో ఫుకుయామాలో మరణించాడు. మరుసటి సంవత్సరం శిష్యులు టోక్యోలోని సైహోజి అనే బౌద్ధ దేవాలయ శ్మశానంలో అతని జీవితాన్ని వివరించే ఒక పెద్ద శిలాఫలకాన్ని నిలిపారు. అది నేటికీ ఉంది.

ఉసుయి గురించి మనకున్న అతి సమీప కాలపు సాక్ష్యం ఈ శిలాఫలకమే. అతను చరిత్ర, వైద్యం, బౌద్ధ గ్రంథాలు, క్రైస్తవ గ్రంథం, మనస్తత్వ శాస్త్రం మొదలైనవి చదివాడని, విదేశాలకు వెళ్లాడని, రెండువేలమందికి పైగా శిష్యులు ఉండేవారని అది చెబుతుంది. క్రైస్తవ గ్రంథాన్ని చదివినవాడని చెప్పిన ఆ ఫలకం అతడు క్రైస్తవుడని గాని, బోధకుడని గాని చెప్పలేదు. రాళ్ల చికిత్స కూడా అందులో లేదు.

ఉసుయి ఏకాంతంలో పుట్టినవాడు కాడు. ఆ దశాబ్దాలలో జపాన్‌లో ఇటువంటి చికిత్సకులు అనేకమంది ఉండేవారు. మెస్మరిజం, శ్వాస సాధనలు, జపాన్ కొండలలోని తపస్సంప్రదాయం, అమెరికా నుండి వచ్చిన మనోబల సాహిత్యం అన్నీ వారిలో కలిసి ఉండేవి. మన పాఠకులు గమనించవలసిన ఒక విషయం ఇక్కడ ఉంది. యోగి రామచరక అనే పేరుతో ప్రాణశక్తి గురించి వ్రాసిన విలియం వాకర్ అట్కిన్సన్ భారతీయుడు కాడు, అమెరికావాడు. అతని రచనలు జపాన్ చికిత్సకులలో చదవబడ్డాయి. అనగా 'ప్రాణం' అనే భారతీయ పదం అమెరికాలో కొత్త అర్థం తొడుక్కొని జపాన్ చేరింది. జపాన్‌లో రూపుదిద్దుకున్న చికిత్స తిరిగి అమెరికా చేరి, అక్కడి నుండి మన దేశానికి వచ్చింది. దీనిని తూర్పు దేశాల సనాతన జ్ఞానం అనడం ఎంత కష్టమో ఇందువల్ల తెలుస్తుంది.

హవాయిలో తొడిగిన క్రైస్తవ వేషం

ఉసుయి శిష్యులలో చుజిరో హయాషి నౌకాదళంలో పనిచేసి విరమించినవాడు. టోక్యోలో అతడు నడిపిన చికిత్సాలయానికి 1935లో హవాయి నుండి ఒక స్త్రీ వచ్చింది. ఆమె పేరు హవాయో తకాత. చెరకు తోటలలో పనిచేయడానికి జపాన్ నుండి వలస వెళ్లిన కుటుంబంలో 1900లో పుట్టింది. 1930లో భర్త చనిపోయాడు, చిన్న పిల్లలు, పాడైన ఆరోగ్యం. హయాషి వద్ద కోలుకున్నానని ఆమె చెప్పుకుంది. అతని వద్దనే నేర్చుకొని 1937లో హవాయికి తిరిగి వచ్చి చికిత్స ప్రారంభించింది. 1938లో ఆమెకు గురుత్వం ఇవ్వబడింది.

1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. తరువాతి సంవత్సరాలలో అమెరికా నేల మీద జపాన్ సంతతివారు ఎంత అనుమానానికి గురయ్యారో తెలిసినదే. క్రైస్తవులు అధికంగా ఉన్న సమాజంలో, శత్రుదేశం నుండి వచ్చిన, బౌద్ధ శ్మశానంలో సమాధి అయిన మనిషి పద్ధతిని ఆమె నేర్పవలసి వచ్చింది. ఆమె చెప్పిన కథలో ఉసుయి క్రైస్తవ బోధకుడయ్యాడు. క్యోటోలోని దోషిష విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యాడు. యేసు చేసిన స్వస్థతలను నీవు నమ్మితే చేసి చూపగలవా అని విద్యార్థులు అడిగారు. అతడు చూపలేక పదవి వదలి, అమెరికా వెళ్లి, షికాగో విశ్వవిద్యాలయంలో చదివాడు. జవాబు దొరకక స్వదేశం చేరి, బౌద్ధ సూత్రాలు చదివి, చివరకు కురామా కొండ మీద దానిని పొందాడు.

కథ బాగుంది. దోషిష నిజమైన సంస్థే. 1875లో జోసెఫ్ హార్డీ నీసిమా అనే జపాన్ క్రైస్తవుడు స్థాపించినది. అయితే విలియం లీ రాండ్ అనే అమెరికా రేకి గురువు ఆ రెండు విశ్వవిద్యాలయాలను విచారించినప్పుడు, ఉసుయి దోషిషలో పనిచేసినట్లు గాని, షికాగోలో చదివినట్లు గాని దాఖలా లేదని తేలింది. 1990లలో ఫ్రాంక్ అర్జవ పెటర్ వంటివారు శిలాఫలకంలోని విషయాలను పాశ్చాత్య పాఠకులకు అందించిన తరువాత ఈ కథ నిలబడలేదు. ఈ విచారణ చేసినవారు రేకిని వ్యతిరేకించినవారు కారు, దానిని నేర్పుతున్నవారే. ఇది వారి పట్ల గౌరవంతో చెప్పుకోవలసిన మాట. పసిఫిక్ సముద్రానికి ఇరువైపులా రేకి ఎలా మారుతూ వచ్చిందో చరిత్రకారుడు జస్టిన్ స్టైన్ 2023లో వెలువరించిన గ్రంథంలో విపులంగా పరిశీలించాడు.

తకాతను కేవలం మోసగత్తె అని కొట్టివేయడం న్యాయం కాదు. ఒక విధవరాలు, వలస కుటుంబపు స్త్రీ, తనను అనుమానించే సమాజంలో నిలబడడానికి ఆ సమాజం అంగీకరించే భాషను ఎంచుకుంది. కారణం అర్థమైనంత మాత్రాన కథ నిజం కాదు. ఆ కథను నమ్మి తమ విశ్వాసానికి ఇది అనుకూలమే అనుకొన్న క్రైస్తవులు అనేకులు.

ఆమె 1980 డిసెంబరులో మరణించేనాటికి ఇరవై ఇద్దరిని గురువులుగా చేసింది. గురుత్వానికి ఆమె నిర్ణయించిన రుసుము 10,000 డాలర్లు. ఆమె బోధించిన చికిత్సలో సాధనం చేతులే. అంతవరకు రేకిలో స్ఫటికానికి చోటు లేదు.

రాళ్లకు వేరే చరిత్ర ఉంది

రాళ్లలో మహిమ ఉందనే నమ్మకం పాతదే. అది ఒకే రకమైన నమ్మకం మాత్రం కాదు. మన దేశంలో వరాహమిహిరుని బృహత్సంహితలో రత్నపరీక్ష అధ్యాయాలున్నాయి. రాయి మంచిదా చెడ్డదా, ధరించినవానికి శుభమా అశుభమా అన్నది అక్కడి ప్రశ్న. రసశాస్త్రంలో ముత్యాన్ని, పగడాన్ని భస్మం చేసి మందుగా ఇస్తారు. జ్యోతిష్యంలో గ్రహానికి తగిన జాతిరాయిని ఉంగరంలో పొదిగి వ్రేలికి పెట్టుకుంటారు. తెలుగువారికి తెలిసిన ఈ మూడింటిలోనూ ఏడు చక్రాల మీద ఏడు రాళ్లు పేర్చడం లేదు.

క్రైస్తవ సంఘానికి కూడా రాళ్లతో దీర్ఘకాల పరిచయం ఉంది. నిర్గమకాండము 28వ అధ్యాయంలో ప్రధాన యాజకుని పతకంలో పన్నెండు రత్నాలున్నాయి. ప్రకటన గ్రంథము 21వ అధ్యాయంలో నూతన యెరూషలేము పునాదులు పన్నెండు రత్నాలతో అలంకరింపబడ్డాయి. నాలుగవ శతాబ్దపు సలమి బిషప్ ఎపిఫానియస్ యాజకుని పతకంలోని రాళ్ల గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. రెన్ నగరపు బిషప్ మార్బోడ్ (మరణం 1123) రాళ్ల గుణాలను లాటిన్ పద్యాలలో చెప్పాడు. జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ (1098–1179) తన ప్రకృతి వైద్య గ్రంథంలో ఒక భాగాన్ని రాళ్లకు కేటాయించింది. మరొకవైపు అగస్టీన్ వంటి పితరులు రక్షరేకులను, తాయెత్తులను ఖండించారు.

కనుక 'రాళ్లు వారివి, ప్రార్థన మనది' అనే విభజన చరిత్రలో నిలవదు. మధ్యయుగపు క్రైస్తవులు రాళ్లను వైద్యానికి వాడారు. అయితే వారి దృష్టిలో రాయి దేవుని సృష్టిలో ఒక వస్తువు. దాని గుణం దేవుడిచ్చినది. మూలిక ఎటువంటిదో రాయి అటువంటిది. విశ్వశక్తిని పట్టి, నిలువచేసి, పంపే పరికరంగా రాయిని వారు ఊహించలేదు. ఆ ఊహకు రేడియో యుగం కావలసి వచ్చింది.

స్ఫటికం యంత్రంగా మారిన విధం

1880లో ఫ్రాన్సులో జాక్, పియర్ క్యూరీ సోదరులు ఒక విషయం కనుగొన్నారు. క్వార్ట్జ్ వంటి స్ఫటికాలను నొక్కితే వాటి మీద విద్యుదావేశం పుడుతుంది. విద్యుత్తు ఇస్తే స్ఫటికం కంపిస్తుందని తరువాత తేలింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైనిక రేడియోల కోసం అమెరికా బ్రెజిల్ నుండి క్వార్ట్జ్‌ను పెద్దయెత్తున తెప్పించుకుంది. 1969లో జపాన్ కంపెనీ సీకో క్వార్ట్జ్ చేతి గడియారాన్ని విడుదల చేసింది. నేటి సాధారణ గడియారంలోని చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది.

'స్ఫటికం శక్తిని గ్రహిస్తుంది, కంపిస్తుంది' అనే మాటలు సామాన్యుల నోటికి వచ్చింది ఈ మార్గంలోనే. ఐబీఎం సంస్థలో పరిశోధకుడిగా పనిచేసిన మార్సెల్ వోగెల్ (1917–1991) తరువాతి జీవితంలో స్ఫటికాలను ప్రత్యేక కోణాలలో కోయించి చికిత్సకు వాడమని బోధించడంతో ఆ మాటలకు శాస్త్రజ్ఞుని గౌరవం కూడా అబ్బింది. గడియారంలోని స్ఫటికం బ్యాటరీ ఇచ్చిన విద్యుత్తుతో కంపిస్తుందని, బ్యాటరీ తీసివేస్తే ఆగిపోతుందని మాత్రం ఆ ప్రచారంలో ఎవరూ నొక్కి చెప్పలేదు.

రెండింటినీ కలిపిన వంతెన: చక్రాలు

చేతి చికిత్సకు, రాయికి మధ్య ఒక వంతెన కావలసి వచ్చింది. ఏ రాయిని శరీరంలో ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నకు రేకిలో జవాబు లేదు. ఆ జవాబును చక్రాలు ఇచ్చాయి.

చక్రాల సిద్ధాంతం మన తంత్ర గ్రంథాలలో ఉన్న మాట నిజమే. కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జాన్ ఉడ్రాఫ్ 1919లో పదహారవ శతాబ్దపు షట్చక్ర నిరూపణాన్ని ఆంగ్లంలోకి తెచ్చాడు. ఆ గ్రంథంలో చక్రాలకు రంగులున్నాయి గాని అవి ఇంద్రధనుస్సు వరుసలో లేవు. 1927లో మద్రాసు వద్ద అడయారు నుండి దివ్యజ్ఞాన సమాజపు నాయకుడు చార్లెస్ లెడ్‌బీటర్ చక్రాల మీద తన పుస్తకం ప్రకటించాడు. ఈయన ఒకప్పుడు ఆంగ్లికన్ గురువు, తరువాత లిబరల్ కాథలిక్ సంఘంలో బిషప్. 1920లో సంస్కారాల మీద వ్రాసిన పుస్తకంలో ఏడు కిరణాలకు ఏడు రత్నాలను జతచేసినవాడు కూడా ఈయనే. క్రింద ఎరుపుతో మొదలై తలపైన ఊదారంగుతో ముగిసే వరుస 1970లలో క్రిస్టొఫర్ హిల్స్ వంటి రచయితల ద్వారా అమెరికాలో స్థిరపడింది.

ఎరుపు చక్రానికి ఎర్ర రాయి, పచ్చ చక్రానికి పచ్చ రాయి, ఊదా చక్రానికి అమెథిస్ట్ అనే సులభ సూత్రం దీనితో ఏర్పడింది. 1985లో కట్రీనా రఫాయెల్ వెలువరించిన పుస్తకం శరీరం మీద రాళ్లు పేర్చే పద్ధతిని విస్తృతంగా ప్రచారం చేసింది. అదే దశాబ్దంలో, తకాత మరణం తరువాత, రేకి గురుత్వపు రుసుమును కొందరు గురువులు బాగా తగ్గించారు. గురువుల సంఖ్య పెరిగింది. పద్ధతిని ఒకే రూపంలో నిలిపే అధికారం ఎవరికీ లేకపోయింది. ఒకే ఊరిలో, ఒకే గదిలో, ఒకే గురువు రెండు విద్యలూ నేర్పుతున్నప్పుడు అవి కలిసిపోవడం సహజం. ఉసుయి కథను విచారించిన విలియం లీ రాండ్ తన ఉన్నత తరగతిలో స్ఫటికాల అమరికను పాఠంగా చేర్చాడు. 1995లో డయాన్ స్టైన్ రేకి రహస్య చిహ్నాలను అచ్చులో బయటపెట్టింది. ఆమె రాళ్ల చికిత్స మీద కూడా పుస్తకాలు వ్రాసింది. క్రిస్టల్ రేకి పుట్టుక ఇది.

పరీక్షకు నిలిచిందా?

ఒక చికిత్స కొత్తదైనంత మాత్రాన తప్పు కాదు. పెన్సిలిన్ కూడా ఒకనాడు కొత్తదే. కనుక ఫలితాన్ని కూడా చూడాలి. లండన్ గోల్డ్‌స్మిత్స్ కళాశాల మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టొఫర్ ఫ్రెంచ్, అతని సహచరులు ఎనభైమందికి రాళ్లిచ్చి ధ్యానం చేయించి, ఆ ఫలితాలను 2001లో ప్రకటించారు. కొందరి చేతిలో నిజమైన క్వార్ట్జ్, కొందరి చేతిలో నకిలీది. వెచ్చదనం, జలదరింపు వంటి అనుభవాలు ఇరువర్గాలవారికీ ఒకే విధంగా కలిగాయి. రేకి విషయంలో 2008లో ప్రచురితమైన ఒక సమీక్ష తొమ్మిది వైద్య పరీక్షలను పరిశీలించి, ఏ వ్యాధికైనా ఇది పనిచేస్తుందనడానికి ఆధారం చాలదని తేల్చింది.

ఇందులో ఒక ముఖ్యమైన విషయం దాగి ఉంది. నకిలీ రాయి పట్టుకున్నవారు అబద్ధమాడలేదు. వారికి నిజంగానే ఏదో అనిపించింది. అనుభవం ఉంది, దానికి కారణం రాయి కాదు. 'నాకు వేడి తగిలింది, నొప్పి తగ్గింది' అని చెప్పే విశ్వాసితో కాపరి వాదించవలసిన పని లేదు. ఆ అనుభవం దేనికి ఋజువు, దేనికి కాదు అన్నది విడమరచి చెబితే చాలు.

సంఘానికి మిగిలిన పని

2009 మార్చిలో అమెరికా కాథలిక్ బిషప్పుల సిద్ధాంత సంఘం రేకి మీద మార్గదర్శకాలు వెలువరించింది. రేకికి విజ్ఞానశాస్త్రపు ఆధారమూ లేదు, క్రైస్తవ విశ్వాసపు ఆధారమూ లేదు, కనుక కాథలిక్ వైద్యశాలలలో, ధ్యాన కేంద్రాలలో దానికి చోటివ్వడం తగదని దాని సారాంశం. క్రైస్తవ ప్రార్థనలో స్వస్థత దేవుని చిత్తానికి లోబడి ఉంటుంది. రేకిలో అది మనిషి నేర్చుకొన్న పద్ధతికి లోబడి ఉంటుంది. ఈ భేదం ప్రొటెస్టెంటు సంఘాలకు కూడా అంగీకారమైనదే.

అయితే బైబిలు వస్తువులను అసహ్యించుకోలేదు. ప్రభువు మట్టిని వాడాడు. పౌలు చేతిగుడ్డలు రోగుల యొద్దకు తీసుకొని పోబడ్డాయి. యాకోబు పత్రిక నూనె రాయమన్నది. కనుక ప్రశ్న వస్తువుకు సంబంధించినది కాదు. ఆ వస్తువు ఎవరిని చూపుతుంది అన్నదే ప్రశ్న. మోషే చేయించిన ఇత్తడి సర్పం ఒకనాడు దేవుడిచ్చిన స్వస్థత సాధనమే. రెండవ రాజులు 18వ అధ్యాయానికి వచ్చేసరికి జనులు దానికే ధూపం వేస్తున్నారు, హిజ్కియా దానిని పగులగొట్టవలసి వచ్చింది. చికిత్సకుడు లేనప్పుడు కూడా శక్తి పంపుతుందని చెప్పే రాయి గురించి ఆలోచించేటప్పుడు ఈ అధ్యాయాన్ని గుర్తుచేసుకోవాలి.

రుసుము విషయం కూడా అంతే. నయమాను కానుకను ఎలీషా తీసుకొనలేదు, గేహజీ తీసుకొన్నాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో సీమోను ధనమిచ్చి అధికారం కొనజూచాడు. 10,000 డాలర్ల గురుత్వాన్ని ఈ వచనాల వెలుగులో తూచవచ్చు. అయితే అదే తూనికలో మన స్వస్థత కూటాలను, తైలపు సీసాలను, ప్రార్థన రుమాళ్లను, వాటితో పాటు వచ్చే కానుక కవర్లను కూడా పెట్టవలసి ఉంటుంది. తూనికరాళ్లు రెండు రకాలు ఉంచుకోకూడదని ద్వితీయోపదేశకాండము హెచ్చరిస్తున్నది.

రాయి ఎక్కడి నుండి వచ్చిందనే ప్రశ్న కూడా వేయాలి. మడగాస్కర్ గనులలో ఈ రాళ్లను తవ్వే పేదల దుస్థితిని, వారిలో పిల్లలు కూడా ఉండడాన్ని 2019లో గార్డియన్ పత్రిక వెలుగులోకి తెచ్చింది. ఒకరికి శాంతినిస్తుందని చెప్పే రాయి మరొక బిడ్డ ఊపిరితిత్తులలో దుమ్ము నింపి వచ్చి ఉండవచ్చు.

ముగింపు

చరిత్రను సరిచూడడం పండితుల వినోదం కాదు. అబద్ధ సాక్ష్యం పలుకకూడదనే ఆజ్ఞ చచ్చినవారి విషయంలో కూడా వర్తిస్తుంది. ఉసుయిని క్రైస్తవునిగా చూపడం అతని మీద పలికిన అబద్ధ సాక్ష్యం. క్రిస్టల్ రేకిని హైందవుల పురాతన ఆచారంగా చూపి నిందించడం మన పొరుగువారి మీద పలికే అబద్ధ సాక్ష్యం. అమెరికా సంతలో నిన్న కలిపిన సరకును మన పక్కింటివారి తాతలకు అంటగట్టడం న్యాయం కాదు. తిరస్కరించవలసి వస్తే నిజమైన కారణంతో తిరస్కరిద్దాం.

రోగి మంచం దగ్గర మాత్రం ఈ చరిత్ర చాలదు. రేకి కోసం వెళ్లినవారిలో అనేకులు సిద్ధాంతం కోసం వెళ్లలేదు. ఒక మనిషి గంటసేపు తొందరపడకుండా తమ ప్రక్కన కూర్చుని తల మీద చేయి వేస్తారని వెళ్లారు. ఆసుపత్రిలో వైద్యునికి ఐదు నిమిషాలు, సంఘంలో కాపరికి రెండు నిమిషాలు. ఈ ఖాళీని రాళ్లు నింపాయి. వైద్యం మానవద్దని చెప్పే ధైర్యం, నయం కాకపోయినా వదలిపోని ఓర్పు, చేతులుంచి ప్రార్థించే ప్రేమ సంఘంలో దొరికితే, రంగురాళ్ల కోసం వెదకే అవసరం చాలామందికి కలగదు. ఆ పరిచర్యను తిరిగి ఎత్తుకోవడం వేదాంత కళాశాలల బాధ్యత, స్థానిక సంఘాల బాధ్యత కూడా.